క్లచ్ ప్లేటు ఎన్నాళ్లు మన్నుతుంది?

జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల పికప్ బండి లేని ఊరు చాలా తక్కువ. తెల్లారకముందే బండ్లు రోడ్డెక్కుతాయి. ఒక బండిలో పామాయిల్ గెలలు. ఒక బండిలో పొగాకు బేళ్లు. ఇంకో బండిలో మొక్కజొన్న బస్తాలు. కొన్ని బండ్లు బుట్టాయగూడెం వైపు నుంచి వస్తాయి. కొన్ని తాడేపల్లిగూడెం మార్కెట్టుకు, ఏలూరుకు పోతాయి. కొల్లేరు పక్కకు వెళితే చేపల చెరువుల గట్ల మీద కూడా ఇవే బండ్లు. చేపల ట్రేలు, ఐసు వేసుకుని తిరుగుతుంటాయి.

పూర్వం ఈ బరువులన్నీ ఎడ్లబండ్లు మోశాయి. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. 1986లో టాటా 407 వచ్చింది. 2005లో టాటా ఏస్ వచ్చింది. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్ వచ్చింది. మహీంద్రా బొలెరో పికప్ అయితే పల్లెల్లో అందరికీ తెలిసిందే. చాలామంది ఈ బండ్లను అప్పు మీదే కొంటారు. బండి తిరిగితేనే నెల వాయిదా కట్టగలరు. బండి ఆగితే ఇల్లు ఆగినట్టే.

బండిని ఆపేసే భాగాల్లో ఒకటి క్లచ్. "కొత్త ప్లేటు వేయించి ఏడాది కూడా కాలేదు, అప్పుడే పోయింది" అని ఒకరు తల పట్టుకుంటారు. "నా బండికి కంపెనీ వేసిన ప్లేటే ఇంకా ఉంది" అని ఇంకొకరు చెబుతారు. ఇద్దరిదీ ఒకే రకం బండి. ఇద్దరూ తిరిగేది ఒకే రోడ్డు. మరి ఈ తేడా ఎందుకు? క్లచ్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే జవాబు దొరుకుతుంది.

క్లచ్ ఏం చేస్తుంది?

ఇంజను స్టార్ట్ చేశాక తిరుగుతూనే ఉంటుంది. చక్రాలు మాత్రం కదలకుండా ఉంటాయి. తిరిగే ఇంజనును, ఆగి ఉన్న చక్రాలతో ఒక్కసారిగా కలిపితే ఏమవుతుంది? బండి ఎగిరిపడుతుంది. లేదా ఇంజను ఆగిపోతుంది. అందుకని రెంటినీ మెల్లగా కలపాలి. ఆ కలిపే పని, విడదీసే పని చేసేదే క్లచ్.

ఇంజను వెనక ఒక బరువైన ఇనుప చక్రం ఉంటుంది. దాన్ని ఫ్లైవీల్ అంటారు. అది ఇంజనుతో పాటు తిరుగుతుంది. దాని పక్కన క్లచ్ ప్లేటు ఉంటుంది. ఇది అన్నం తినే పళ్లెంలా గుండ్రంగా ఉంటుంది. గేరుబాక్సు నుంచి వచ్చిన ఇరుసు మీద కూర్చుంటుంది. ప్లేటుకు రెండు వైపులా గరుకైన పొర ఉంటుంది. దాన్ని లైనింగ్ అంటారు. ప్లేటు వెనక ప్రెజర్ ప్లేటు ఉంటుంది. గట్టి స్ప్రింగు బలంతో ఇది క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పడుతుంది. అప్పుడు మూడూ ఒక్కటిగా తిరుగుతాయి. ఇంజను బలం చక్రాలకు చేరుతుంది.

కాలితో పెడల్ నొక్కితే ఏమవుతుంది? రిలీజ్ బేరింగ్ ముందుకు జరిగి స్ప్రింగును నొక్కుతుంది. ప్రెజర్ ప్లేటు పట్టు వదులుతుంది. క్లచ్ ప్లేటు విడివడుతుంది. ఇంజను తిరుగుతున్నా చక్రాలకు బలం అందదు. అప్పుడు గేరు మార్చుకోవచ్చు. పెడల్ వదిలితే మళ్లీ పట్టు దొరుకుతుంది.

అరుగుదల ఎప్పుడు జరుగుతుంది?

రెండు అరచేతులూ కలిపి గట్టిగా నొక్కండి. రుద్దకుండా అలాగే ఉంచండి. పెద్దగా వేడి పుట్టదు. ఇప్పుడు నొక్కి రుద్దండి. చేతులు వెచ్చబడతాయి. క్లచ్ సంగతీ ఇంతే.

పెడల్ పూర్తిగా వదిలినప్పుడు ప్లేటు గట్టిగా పట్టి ఉంటుంది. రాపిడి లేదు. కాబట్టి అరగదు. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు ప్లేటు విడిగా ఉంటుంది. అప్పుడూ అరగదు. సగం నొక్కి, సగం వదిలినప్పుడే ప్లేటు జారుతూ తిరుగుతుంది. దీన్నే డ్రైవర్లు హాఫ్ క్లచ్ అంటారు. ప్లేటు అరిగేది ఇక్కడే. వేడెక్కేది ఇక్కడే.

ఆ వేడి తక్కువది కాదు. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఎక్కువసేపు జారిన క్లచ్ 200 డిగ్రీలు కూడా దాటుతుంది. ఇంకా పెరిగితే లైనింగ్ మాడుతుంది. మాడిన వాసన బండిలోకి వస్తుంది. మాడిన లైనింగ్ గాజులా నున్నగా అవుతుంది. పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే మరింత జారుతుంది. జారితే మరింత వేడి. ఇలా ఒకదాని వెనక ఒకటి.

లైనింగ్‌ను ప్లేటుకు రివెట్లతో బిగిస్తారు. కొత్త ప్లేటులో రివెట్ల తలలు లోపలికి ఉంటాయి. వాటి దాకా అరగడానికి ఉన్న మందం ఒక్కో వైపు సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్లే. అంటే గోరు మందానికి కొన్ని రెట్లు మాత్రమే. ఏళ్ల తరబడి వాడుకోవలసింది ఆ కాస్త పొరనే.

ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?

ఇన్ని కిలోమీటర్లు అని ఒకే మాట చెప్పడం కుదరదు. పద్ధతిగా నడిపే బండికి 50 వేల నుంచి లక్ష కిలోమీటర్ల దాకా సాధారణంగా వస్తుంది. లక్ష దాటినవీ ఉన్నాయి. 20, 30 వేలకే పోయినవీ ఉన్నాయి. బురదలో ఇరుక్కుని ఒక్క పూటలోనే మాడిపోయినవి కూడా ఉన్నాయి.

అసలు క్లచ్ కిలోమీటర్లను బట్టి అరగదు. ఎన్నిసార్లు బయలుదేరింది, ఎంతసేపు జారింది అన్నదాన్ని బట్టి అరుగుతుంది. జంగారెడ్డిగూడెం నుంచి ఏలూరు సుమారు 50 కిలోమీటర్లు. సరుకు వేసుకుని నేరుగా వెళ్లే బండి దారిలో కొద్దిసార్లే ఆగుతుంది. అదే 50 కిలోమీటర్లు వీధి వీధికీ ఆగుతూ కూరగాయలు అమ్మే బండి వందలసార్లు ఆగి బయలుదేరుతుంది. మీటరులో ఇద్దరికీ 50 అనే కనిపిస్తుంది. క్లచ్ లోపల మాత్రం చాలా తేడా ఉంటుంది.

ఒక చిన్న లెక్క

ఒకే ఊళ్లో ఇద్దరు డ్రైవర్లు ఉన్నారనుకుందాం. ఇద్దరిదీ ఒకే రకం బండి. క్లచ్ మార్చడానికి సామాను, కూలీ కలిపి 9 వేల రూపాయలు అనుకుందాం. ఇది లెక్క కోసం తీసుకున్న అంకె. మీ బండికి ఎంతవుతుందో ఆ అంకె వేసుకోండి.

మొదటి డ్రైవరు క్లచ్ 90 వేల కిలోమీటర్లు వచ్చింది. కిలోమీటరుకు 10 పైసలు పడింది. రెండో డ్రైవరు క్లచ్ 30 వేలకే పోయింది. కిలోమీటరుకు 30 పైసలు పడింది.

90 వేల కిలోమీటర్లకు మొదటివాడి ఖర్చు 9 వేలు. రెండోవాడు మూడుసార్లు మార్పించాలి. ఖర్చు 27 వేలు. తేడా 18 వేలు. రెండోవాడి బండి రెండుసార్లు ఎక్కువగా షెడ్డులో పడింది. ఒక్కోసారి రెండు రోజులు అనుకుంటే నాలుగు రోజుల కిరాయి పోయింది. రోజుకు 1,500 చొప్పున 6 వేలు. మొత్తం నష్టం 24 వేలు.

దారిలో సరుకు పాడైతే ఆ నష్టం వేరే. పామాయిల్ గెలలు కోసిన 24 గంటల్లోగా ఫ్యాక్టరీకి చేరితే మంచిది. ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. నాణ్యత తగ్గుతుంది. చేపల బండి ఆగితే ఐసు కరుగుతుంది. చేప ఎవరి కోసమూ ఆగదు.

క్లచ్‌ను తినేసే అలవాట్లు

ఒకటి: పెడల్ మీద కాలు. గేరు మార్చడం అయిపోయినా కొందరు కాలు తీయరు. కాలి బరువు ఊరికే పోదు. ప్లేటు పట్టు కొంచెం వదులవుతుంది. బరువు లాగేటప్పుడు జారుతుంది. రిలీజ్ బేరింగ్ కూడా పనిలేకుండా తిరిగి అరుగుతుంది. గేరు మార్చగానే కాలు పక్కన పెట్టాలి.

రెండు: ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో నిలపడం. వంతెన ఎక్కేచోట, గట్టు ఎక్కేచోట ముందు బండి ఆగుతుంది. కొందరు బ్రేకు వేయరు. కొంచెం రేస్ ఇచ్చి, క్లచ్ మీద బండిని ఆపి ఉంచుతారు. చూడ్డానికి నేర్పులా ఉంటుంది. లోపల ప్లేటు కాలుతుంటుంది. ఆపే పని బ్రేకుది. హ్యాండ్ బ్రేకు వేయాలి. మొదటి గేరు వేయాలి. క్లచ్ మెల్లగా వదలాలి. బండి ముందుకు లాగుతున్నట్టు తెలియగానే హ్యాండ్ బ్రేకు దించాలి. బండి వెనక్కి జారదు. క్లచ్ మాడదు.

మూడు: రెండో గేరులో బయలుదేరడం. "బండికి దమ్ముంది, లాగేస్తుంది" అంటారు. లాగుతుంది, నిజమే. కానీ మొదటి గేరులో బండి కొంచెం వేగం అందుకోగానే ప్లేటు జారడం ఆగుతుంది. రెండో గేరులో దాదాపు రెట్టింపు వేగం వచ్చేదాకా జారుతూనే ఉండాలి. వేగం రెట్టింపయితే వేడి రెట్టింపుతో ఆగదు. మూడు నాలుగు రెట్లు అవుతుంది. అంటే రెండో గేరులో ఒక్కసారి బయలుదేరితే మొదటి గేరులో మూడు నాలుగుసార్లు బయలుదేరినంత వేడి పుడుతుంది.

నాలుగు: అధిక బరువు. బరువు పెరిగినకొద్దీ బయలుదేరేటప్పుడు క్లచ్‌లో పుట్టే వేడి పెరుగుతుంది. బండి ఎంత మోయవచ్చో ఆర్.సి. కాగితంలో రాసి ఉంటుంది. ఖాళీ బండి బరువు ఒకచోట, సరుకుతో కలిపి ఉండదగ్గ బరువు ఒకచోట ఉంటాయి. రెండో అంకెలోంచి మొదటి అంకె తీసేయండి. మీరు ఎక్కించదగ్గ బరువు వస్తుంది. డ్రైవరు, పక్కన కూర్చునేవాళ్ల బరువు కూడా అందులోదే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక బరువుకు జరిమానా 20 వేల రూపాయలు. పైన పడే ప్రతి టన్నుకు మరో 2 వేలు. రెండు ట్రిప్పులు ఒక ట్రిప్పులో కొట్టేద్దామనుకుంటే మిగిలేది ఇదీ.

ఐదు: పల్లంలో క్లచ్ నొక్కి వదిలేయడం. డీజిలు మిగులుతుందని కొందరు ఇలా చేస్తారు. ఇది ప్రాణం మీదికి తెచ్చే పని. బండి గేరులో ఉంటే ఇంజను కూడా వేగాన్ని పట్టి ఉంచుతుంది. క్లచ్ నొక్కితే ఆ పట్టు పోతుంది. బరువంతా బ్రేకుల మీద పడుతుంది. మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్లే ఘాటు లాంటి చోట బ్రేకులు వేడెక్కి పట్టు తప్పవచ్చు. పల్లం దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలి.

బురదలో, నీళ్లలో

వానాకాలం తోటల దారులు బురదమయం. కొల్లేరు వైపు చెరువు గట్లది నల్లమట్టి. తడిస్తే జారుతుంది. చక్రం కూరుకుపోతుంది. డ్రైవరు రేస్ పెంచుతాడు. హాఫ్ క్లచ్‌లో ముందుకీ వెనక్కీ ఊపుతాడు. పది నిమిషాలు ఇలా చేస్తే నెలల అరుగుదల ఒక్కపూటలో అయిపోతుంది.

ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలి? ముందు సరుకు కొంత దించాలి. చక్రం ముందున్న బురద తీయాలి. చక్రం కింద గోనెసంచులు, కొమ్మలు, చెక్కలు వేయాలి. మొదటి గేరులో మెల్లగా కదపాలి. రెండు మూడుసార్లకు కదలకపోతే ట్రాక్టరు పిలవడం మేలు. ట్రాక్టరుకు ఇచ్చే డబ్బు క్లచ్ ఖర్చు కన్నా తక్కువే. మాడిన వాసన వస్తే ఆపేయాలి. ఇంజను ఆపి, చల్లారేదాకా ఆగాలి. నీళ్లు పోయకూడదు. ఎర్రగా కాగిన పెనం మీద చల్లనీళ్లు పోసినట్టే. ఇనుము బీటలు వారవచ్చు.

వాగు దాటినా, వరద నీళ్లలో నడిపినా క్లచ్‌లోకి నీళ్లు చేరవచ్చు. అలా తడిసిన బండిని రోజుల తరబడి నిలిపి ఉంచితే తుప్పు పట్టి ప్లేటు ఫ్లైవీల్‌కు అంటుకుపోతుంది. అందుకని తడిసిన బండిని కాసేపు నడిపి, ఆరాక నిలపాలి. పొంగే వాగును మాత్రం దాటే ప్రయత్నమే వద్దు. క్లచ్ మళ్లీ కొనుక్కోవచ్చు. మనిషిని కొనలేం.

ముందుగా కనిపించే గుర్తులు

క్లచ్ చెప్పకుండా పోదు. చాలాసార్లు ముందే చెబుతుంది. వినాలి.

రేస్ ఇస్తే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం అందుకోదు. ఎత్తు మీద, బరువుతో ఉన్నప్పుడు ఇది బాగా తెలుస్తుంది. అంటే ప్లేటు జారుతోంది.

పెడల్ చాలా పైకి వచ్చాక గానీ బండి కదలదు. అంటే ప్లేటు బాగా అరిగి ఉండవచ్చు.

గేరు పడేటప్పుడు గరగరమంటుంది, గట్టిగా ఉంటుంది. అంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. నూనెతో పనిచేసే క్లచ్ అయితే డబ్బాలో నూనె తగ్గిందేమో చూడాలి. ఊరికే నింపి ఊరుకోకూడదు. ఎక్కడ కారుతోందో చూపించాలి.

పెడల్ నొక్కినప్పుడు మాత్రమే శబ్దం వస్తే అది సాధారణంగా రిలీజ్ బేరింగ్.

బయలుదేరేటప్పుడు బండి వణికితే ప్లేటు మీద ఇంజన్ ఆయిల్ పడి ఉండవచ్చు. ఫ్లైవీల్ వేడికి దెబ్బతిని ఉండవచ్చు.

కేబుల్ క్లచ్ ఉన్న బండిలో ఇంకో సంగతి చూడాలి. పెడల్ మొదట కొంచెం ఉత్తినే కదలాలి. దాన్ని ప్లే అంటారు. ప్లేటు అరిగినకొద్దీ ప్లే తగ్గుతుంది. అసలు లేకపోతే కాలు తీసినా క్లచ్ కొంచెం నొక్కినట్టే ఉంటుంది. ప్లే ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. సరిచేయించడం చిన్న పని. సరిచేయించకపోతే మంచి ప్లేటు కూడా మాడుతుంది.

బండిని పరీక్షించడం

చదునైన ఖాళీ స్థలంలో బండి నిలపండి. ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు. హ్యాండ్ బ్రేకు గట్టిగా వేయండి. కాలి బ్రేకు కూడా నొక్కి ఉంచండి. ఇంజను మామూలుగా తిరుగుతుండగా మూడో గేరు వేయండి. క్లచ్ మెల్లగా వదలండి. ఇంజను వెంటనే ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్టే. పూర్తిగా వదిలినా ఇంజను తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. వెంటనే ఇంజను ఆపండి. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. మళ్లీ మళ్లీ చేస్తే పరీక్షే క్లచ్‌ను అరగదీస్తుంది.

షెడ్డులో అడగవలసినవి

క్లచ్ మార్చాలంటే గేరుబాక్సు దించాలి. కూలీలో ఎక్కువ భాగం దానికే. అందుకని క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ చూపించమని అడగాలి. ప్లేటు ఒక్కటే మార్చి, పాత బేరింగ్ ఉంచితే మిగిలేది కొంచెమే. నెల తిరగకుండా బేరింగ్ పోతే గేరుబాక్సు మళ్లీ దించాలి.

ఫ్లైవీల్ మీద బీటలు, నీలం మచ్చలు ఉన్నాయేమో చూడాలి. నీలం మచ్చ విపరీతంగా వేడెక్కిందనడానికి గుర్తు. అవసరమైతే లేత్ మీద చదును చేయించాలి. ఆయిల్ సీలు కారుతుంటే అప్పుడే మార్పించాలి. లేకపోతే కొత్త ప్లేటు కూడా ఆయిల్‌లో తడిసి పాడవుతుంది.

పాత సామాను అడిగి తీసుకోవాలి. బిల్లు తీసుకోవాలి. బిల్లులో ఏ భాగం, ఎంత ధర అన్నది విడివిడిగా రాయించుకోవాలి. వారంటీ ఏమైనా ఉంటే కాగితం చదవాలి. మామూలుగా అరిగిపోయే భాగాలకు వారంటీ వర్తించదని చాలా కాగితాల్లో ఉంటుంది.

షెడ్డులో పనిచేసే పిల్లలకు, పెద్దలకు ఒక హెచ్చరిక. పాత రకం లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ కలిపేవారు. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత జబ్బు చేస్తుంది. క్యాన్సర్ కూడా రావచ్చు. ఏ ప్లేటులో ఏముందో కంటికి తెలియదు. అందుకని క్లచ్ దుమ్మును నోటితో ఊదకూడదు. గాలి పైపుతో కొట్టకూడదు. తడిగుడ్డతో తుడవాలి. ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. పని అయ్యాక చేతులు కడుక్కున్నాకే అన్నం తినాలి.

కొత్త ప్లేటు వేసిన మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నిదానంగా నడపాలి. లైనింగ్, ఫ్లైవీల్ ఒకదానికొకటి సర్దుకోవాలి. మొదటి రోజే నిండు బరువుతో గట్టు ఎక్కించకూడదు.

బండిలో ఒక నోటుపుస్తకం

క్లచ్ మార్చిన తేదీ, ఆ రోజు మీటరులో ఉన్న కిలోమీటర్లు, ఏం మార్చారు, ఎంత ఖర్చయింది. ఈ నాలుగూ ఒక నోటుపుస్తకంలో రాసి బండిలో ఉంచాలి. మళ్లీ మార్చినప్పుడు కొత్త అంకెలోంచి పాత అంకె తీసేస్తే క్లచ్ ఎంత మన్నిందో తేలుతుంది. డ్రైవరు మారాక ఆ అంకె సగమైతే కారణం వెతకాలి. సామాను నాసిరకమా? బరువు ఎక్కువైందా? నడపడంలో తేడానా? డ్రైవరుకూ, యజమానికీ మధ్య గొడవలు తగ్గుతాయి. మాట మీద మాట అక్కర్లేదు. పుస్తకం చూస్తే చాలు.

ఇప్పుడు కరెంటుతో నడిచే చిన్న సరుకు బండ్లు కూడా వచ్చాయి. 2022లో టాటా ఏస్ కరెంటు బండి వచ్చింది. అందులో క్లచ్ పెడల్ ఉండదు. కానీ పల్లెల్లో తిరిగే బండ్లలో డీజిలువే ఎక్కువ. వాటి డ్రైవర్ల ఎడమకాలికి ఇంకా చాలా కాలం పని ఉంటుంది.

గుర్తుంచుకుందాం

బయలుదేరడానికి ఎప్పుడూ మొదటి గేరే.
గేరు మార్చాక పెడల్ మీద కాలు ఉంచరాదు.
ఎత్తు మీద బండిని ఆపేది బ్రేకు, క్లచ్ కాదు.
ఆర్.సి.లో ఉన్న బరువు మించరాదు.
మాడిన వాసన వస్తే ఆపి చల్లారనివ్వాలి.
సరుకు బండిలో మనుషులను ఎక్కించరాదు. గట్టు మీద క్లచ్ జారితే బండి వెనక్కి పోతుంది. వెనక కూర్చున్న కూలీలకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఆలోచించండి, చెప్పండి

1. పెడల్ పూర్తిగా వదిలినప్పుడు క్లచ్ ప్లేటు ఎందుకు అరగదు?
2. మీ ఊరి బండి ఆర్.సి. చూడండి. ఆ బండి ఎంత బరువు మోయవచ్చు?
3. క్లచ్ మార్చడానికి 8 వేలు అయింది. అది 40 వేల కిలోమీటర్లు వచ్చింది. కిలోమీటరుకు ఎన్ని పైసలు పడింది?